నలభై ఎనిమిది తప్పు పరుపులు

ఆ వేసవి మొదట్లో మా మావయ్య కొలత టేపు పట్టుకుని కొట్టుకి వచ్చాడు. ఊరికే చూసి పోదామని వచ్చానన్నాడు గానీ, టేపుని మాత్రం జేబులో ఊరికే ఉంచలేదు. గుమ్మం నుంచి వెనక గోడ దాకా ఒకసారి, ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకసారి లాగి, అంకెలు చీటీ మీద రాసుకున్నాడు. వీధి చివర ఆయనకి స్పాంజి పరుపుల షోరూము ఉంది. మాది దూది పరుపుల కొట్టు. వేసవి వెళ్ళగానే మా కొట్టుని ఆయన గోదాము చేసుకునేట్టు నాన్నా ఆయనా అప్పటికే మాట అనుకున్నారు.

"బాధపడకు బావా," అన్నాడు మావయ్య టేపు చుట్టుకుంటూ. "నీలాంటి చెయ్యి ఇంకోటి లేదు. వచ్చిన చిక్కల్లా అదే. నీ తర్వాత ఎవరున్నారు చెప్పు?"

నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో, ఒళ్ళో పరుపు గుడ్డ, చేతిలో దబ్బనంతో కూర్చుని ఉన్నాను. నాన్న నా వైపు చూడలేదు.

"ఎవరూ లేరు," అన్నాడు.

నా మొహం చూసి ఆ మాట అనుంటే పోట్లాడేదాన్ని. గోడకేసి చూస్తూ అన్నాడు కాబట్టి దబ్బనం మళ్ళీ గుడ్డలోకి దించాను.

నిజం చెప్పాలంటే ఆయన అబద్ధమూ ఆడలేదు. పరుపుని పరీక్షించడానికి నాన్నకో పద్ధతుంది. పరుపు నడిమధ్య పిడికిలి పెట్టి, ఒంట్లో బరువంతా వేసి నొక్కుతాడు. చెయ్యి తీసి, ఒకటీ, రెండూ అని లెక్కపెడతాడు. మూడు అనేలోపు గుంట పూడాలి. పూడకపోతే "విప్పు" అంటాడు. తిట్టడు, కొట్టడు, ఇంకో మాట అనడు. కుట్లన్నీ విప్పి, దూదంతా బయటికి లాగి, మళ్ళీ మొదలుపెట్టాలి. పదకొండేళ్ళుగా నేను పరుపులు కుడుతున్నాను. ఆయన విప్పమననివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్ళ మీదే.

"దీనిది పరుపులు కూరే చెయ్యి కాదురా తమ్ముడూ," అనేది మా అత్తయ్య. నాన్నకి అక్క. దూది ఏకడం ఆవిడ పని, నోరు కూడా ఆవిడదే. "చంటిపిల్లల్ని జోకొట్టే చెయ్యి. ఎంత కూరమన్నా దూదికి దెబ్బ తగుల్తుందేమో అన్నట్టు పెడుతుంది."

కొట్టు వెనకే మా ఇల్లు, ఇంటికి మేం ముగ్గురమే. కొట్టు పోతే నాన్న ఏం చేస్తాడో నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. ఆ వేసవంతా నాకున్న భయం అదొక్కటే. కొట్టు నిలబడాలంటే నా చెయ్యి మారాలి. అదేమో మారనని మొండికేసింది.

*

ఆ నెలలోనే మా ఎదురుగా ఉన్న పాత టైల్స్ గోదాముకి రంగులు పడ్డాయి. లారీల్లో పెట్టెలు దిగాయి, పైకప్పు మీద పళ్ళెం లాంటి యాంటెన్నా లేచింది. కొత్త టీవీ చానెలట. పొద్దున్న నుంచి పొద్దున్న దాకా రాక్ సంగీతమేనట. ఇంకేమీ వెయ్యరట.

"ఇంకేమీ అంటే? వార్తలు కూడానా?" అంది అత్తయ్య.

"వార్తలుండవు."

"వాతావరణం?"

"అదీ ఉండదు."

"వానొస్తుందో రాదో చెప్పని టీవీని ఎవరు చూస్తారే?" అని ఆ చానెల్ భవిష్యత్తు అక్కడికక్కడే తేల్చేసింది.

ఆ గోదాములోకి రోజూ ఒక అమ్మాయి వచ్చేది. పొట్టి జుట్టు, మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు. లోపల ఒక మూల నుంచుని చప్పట్లు కొట్టేది. ఒకే ఒక్క చప్పట. తర్వాత తలొంచుకుని వినేది. ఇంకో మూలకి వెళ్ళి మళ్ళీ కొట్టేది. తలుపులు బార్లా తీసి ఉండేవి కాబట్టి మాకంతా కనిపించేది. అత్తయ్య ఆ పిల్లకి చప్పట్లమ్మ అని పేరు పెట్టేసింది. సౌండ్ ఇంజనీరు అని తర్వాత తెలిసినా మా ఇంట్లో ఆ పేరే ఖాయమైంది.

ఒకరోజు మధ్యాహ్నం చప్పట్లమ్మ రోడ్డు దాటి మా కొట్టులోకి వచ్చింది. మంచినీళ్ళు అడిగింది. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టబోతూ ఆగిపోయింది. చుట్టూ చూసింది. చప్పట కొట్టింది. ఇంకోటి కొట్టింది.

"ఇక్కడ నా చప్పుడేమైపోయింది?" అంది.

"ఎక్కడికి పోతుందమ్మా, దూది మింగేసింది," అంది అత్తయ్య.

ఆ పిల్ల దూది కుప్ప పక్కన చతికిలబడి, కష్టమంతా ఏకరువు పెట్టింది. ఇంకా ఇరవై మూడు రోజుల్లో, శుక్రవారం సాయంత్రం ఆరింటికి చానెల్ మొదలవాలి. మొదటి గంటంతా గోదాములోనే బ్యాండు ప్రత్యక్షంగా వాయిస్తుంది. ఊరంతా పోస్టర్లు వేసేశారు. ఆ రోజు మొదలుపెట్టకపోతే చానెల్‌కిచ్చిన అనుమతి పోతుంది. గదేమో చుట్టూ టైల్స్ గోడలు, పైన రేకు. డ్రమ్ము మీద ఒక దెబ్బ కొడితే నాలుగు వినిపిస్తున్నాయి. గోడలకి బిగించాల్సిన పలకలు ఓడలో వస్తున్నాయి, ఆ ఓడ ఏ రేవులో కూర్చుందో ఎవరికీ తెలీదు.

"మేస్త్రీ గారూ, గోడలకి పరుపులు కట్టొచ్చా?" అని నాన్నని అడిగింది.

గోడకి పరుపేమిటని కోప్పడతాడనుకున్నాను. ఆయనేమో గోదాముకేసి చూసి, "ఎన్ని కావాలి?" అన్నాడు.

"ముందు పన్నెండు చేసి చూద్దాం. సరిపోతే నలభై ఎనిమిది."

ఆ పిల్ల వెళ్ళాక నాన్న అన్నాడు, "మూసేలోపు ఒక మంచి పని చేసి మూసేద్దాం."

*

ఆ పన్నెండు పరుపుల్నీ నాన్న ఒక్కడే కూరాడు. నన్ను గుడ్డ కుట్టనిచ్చాడు, అంచులు కుట్టనిచ్చాడు, దూది మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆయన పని చేస్తుంటే చూడాలి. కుడి పిడికిలితో గుద్ది గుద్ది, మూల మూలకీ, సందు లేకుండా, పరుపు పలకలా అయ్యేదాకా. పిడికిలి పెట్టి తీస్తే ఒకటి అనకముందే గుంట లేచిపోయేది. అంత గొప్ప పరుపులు నేనెన్నడూ చూళ్ళేదు.

తొమ్మిదో రోజున వాటిని గోదాములోకి మోయించాం. కింద సిమెంటు దుమ్ముగా ఉందని అత్తయ్య ఒక పాత పరుపు కూడా పట్టుకొచ్చి నేల మీద పరిచింది, మంచివి మాయకుండా. అది నేను కిందటి వారం కుట్టింది. విప్పడానికి పక్కన పడేసి ఉంది. పన్నెండూ గోడకెక్కాక, దాన్ని దులిపి ఒక మూలకి చేరేసింది.

చానెల్ వాళ్ళందరూ వచ్చారు. యజమాని కూడా వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, నడుం దాకా జుట్టు. అత్తయ్య నా చెవిలో, "ఈయన తల మీదున్నదంతా ఏకితే ఒక దిండవుతుందే," అని గొణిగింది.

చప్పట్లమ్మ గది మధ్యకి వెళ్ళి చప్పట కొట్టింది.

గది ఖంగుమంది. మునుపటికన్నా ఏ కాస్తో తగ్గిందేమో, అంతే. ఆ పిల్ల మొహం వాడిపోయింది. ఇంకోసారి కొట్టింది. అదే మోత. అందరూ నాన్నకేసి చూశారు.

"ఇంతకన్నా గట్టిగా కూరడం ఎవరివల్లా కాదు," అన్నాడు నాన్న. గొంతు మామూలుగానే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన్ని ఇంతమందిలో అలా నిలబెట్టినందుకు ఆ గోడలు కూలిపోతే బాగుండుననిపించింది.

చప్పట్లమ్మ ఒక్కో పరుపు దగ్గరికీ వెళ్ళి చప్పట కొట్టుకుంటూ వచ్చింది. చివరికి మూలకి వచ్చింది. కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది. ఈసారి చప్పుడు ఆమె అరచేతుల్లోంచి బయటికి రాలేదు. ఉన్నపళంగా పోయింది.

"ఇది ఎవరు చేశారు?" అంది మూలనున్న పరుపుని తడుముతూ.

"అది తప్పు పరుపమ్మా," అంది అత్తయ్య. "విప్పాల్సింది. కింద పరవడానికి తెచ్చాం."

"తప్పేమిటి దీంట్లో?"

"వదులు."

చప్పట్లమ్మ దాంట్లోకి చెయ్యి గుచ్చింది. తర్వాత నాన్న పరుపు మీద గుద్దింది, చెయ్యి విదిలించుకుంది. "మేస్త్రీ గారూ, మీవి గోడలంత గట్టిగా ఉన్నాయి. చప్పుడు వాటికి తగిలి వెనక్కొచ్చేస్తోంది. దీంట్లోకేమో దూరిపోయి, మళ్ళీ బయటికి రాలేకపోతోంది. నాకిలాంటివి కావాలి. నలభై ఎనిమిదీ ఇలాంటివే."

నాకు లోపల సంబరం పొంగిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒక్క క్షణం ఎగిరి గంతేద్దామనిపించింది. అంతలో నాన్న మొహం చూశాను.

"తెలిసి తెలిసి చెడ్డ పరుపు కుట్టమంటావా అమ్మా?" అన్నాడాయన. "నలభై ఏళ్ళు ఈ చేత్తో అలాంటిది ఒక్కటి కూడా గుమ్మం దాటనివ్వలేదు."

సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

*

ఆ రాత్రి నాన్నని అన్నం దగ్గర అత్తయ్య రెండుసార్లు కదిపి చూసింది. "ఒరేయ్, పడుకునేవాళ్ళకి గట్టి పరుపు, పాడుకునేవాళ్ళకి మెత్తటి పరుపు. ఎవరి సుఖం వాళ్ళది. నీకొచ్చిన నష్టమేమిట్రా?" అంది. నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. రేపు పొద్దున్నే వెళ్ళి మావయ్యకి కొట్టు తాళాలు ఇచ్చేస్తాడని నేను ఖాయం చేసుకున్నాను.

పొద్దున్న కొట్టు తలుపు నాకన్నా ముందే తీసి ఉంది. నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ దూది. గోదాము నుంచి తన పన్నెండు పరుపుల్నీ వెనక్కి మోయించి, ఆ బంగారం లాంటి కుట్లని ఒక్కొక్కటే బ్లేడుతో విప్పుతున్నాడు. అప్పటికే ఏడు అయిపోయాయి.

"కూర్చో," అన్నాడు. "నువ్వెలా పెడతావో చూపించు."

పదకొండేళ్ళలో ఆయన నన్ను చూపించమన్నది అదే మొదలు. నేనెలా పెడతానో నాకు మాత్రం ఏం తెలుసు? ఎప్పుడూ తప్పుగా పెడుతున్నాననే తెలుసు. చెయ్యి ఏం చేస్తోందో నేనే గమనిస్తూ, ఒక్కో పొరా పెట్టి చూపించాను. గుప్పెడు తీసుకుని, విదిలించి, గాలి నిండాక పరవాలి. మీద అరచెయ్యి ఆనించాలి, నొక్కకూడదు. ఇంకో గుప్పెడు.

నాన్న మొదలుపెట్టాడు. రెండు పొరలు బాగానే పెట్టాడు. మూడో పొరకి పిడికిలి దానంతటదే లేచింది.

"గుద్దకు నాన్నా."

"గుద్దలేదే."

"గుద్దావు."

"గుద్దావురా, నేను చూశాను," అంది అత్తయ్య మూల నుంచి. చాలా ఏళ్ళుగా ఆవిడకి ఇంత కాలక్షేపం దొరకలేదు.

ఆయన పరుపు పూర్తయింది. పిడికిలి పెట్టి నొక్కాడు, తీశాడు, లెక్కపెట్టాడు. నా తప్పు పరుపులో గుంట తొమ్మిది దాకా లేవదు. ఆయన దాంట్లో నాలుక్కే లేచిపోయింది. నాన్న తలెత్తి నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఆ మాట అను," అన్నాడు.

"వద్దులే నాన్నా."

"పని దగ్గర వద్దులేలు ఉండవు. అను."

"విప్పు," అన్నాను.

నాన్న బ్లేడు తీసుకుని విప్పడం మొదలుపెట్టాడు. అత్తయ్య ఏకే కర్ర పక్కన పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంది.

మూడోసారి విప్పాక నాన్న తన కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. "దీనికి పొగరెక్కువ, మాట వినదు," అని ఎడమ చేత్తో కూరడం మొదలుపెట్టాడు. ఆ చేతికి నలభై ఏళ్ళుగా ఎవరూ ఏమీ నేర్పలేదు. ఏది ఒప్పో ఏది తప్పో దానికి తెలీదు. ఆ పరుపులో గుంట ఎనిమిది దాకా లేవలేదు.

"అమ్మాయ్, ఎలా ఉంది?"

నేను రెండుసార్లు నొక్కి చూశాను. కావాలనే. "పరవాలేదు, పనికొస్తుంది," అన్నాను. అది ఆయన మాటే. ఆయన అంతకన్నా గొప్పగా ఎవర్నీ మెచ్చుకోలేదు. నాన్న పగలబడి నవ్వాడు. ఆ వేసవిలో ఆయన నవ్వు వినడం నాకదే మొదటిసారి.

*

పదమూడు రోజుల్లో నలభై ఎనిమిది. నేను ముప్ఫై ఒకటి కూరాను, నాన్న ఎడమ చెయ్యి పదహారు. మొదట్లో మూలకి చేరేసిందే నలభై ఎనిమిదోది. చప్పట్లమ్మ చెప్పినట్టు పల్చటి గుడ్డ వాడాం, గోడకి జానెడు ఎడంగా వేలాడదీశాం. మీద నల్లటి తెర వేద్దామనుకున్నారు గానీ, తెర కడితే మళ్ళీ చప్పుడు లెక్క మారుతుందని ఆ పిల్ల ఒంటికాలి మీద లేచింది. దాంతో మా నీలం చారల గుడ్డ అలాగే పైకి కనిపిస్తూ ఉండిపోయింది. "పడకగదిలా ఉందే," అని జుట్టాయన మొహం చిట్లించాడు. "మీ చానెల్ చూసి ఎవరికీ నిద్ర రాకపోతే చాలు కదండీ," అంది అత్తయ్య.

శుక్రవారం సాయంత్రం మమ్మల్ని లోపలికి పిలిచి వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలిచ్చారు. "మాకు దూదికి కరువా?" అని అత్తయ్య రెండు ఉండలు చేసి పెట్టుకుంది. నాన్న ఏమీ పెట్టుకోలేదు. తలుపు దగ్గర మావయ్య కూడా ఉన్నాడు. ఎవరి పరిచయంతో దూరాడో ఏమో, మొహం మాత్రం మా కొట్టు ఆయన సొంతమైనట్టే ఉంది.

ఆరైంది. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. డ్రమ్ముల ముందున్న అమ్మాయి రెండు కర్రలూ పైకెత్తి, నాలుగు లెక్కపెట్టింది.

ఏమని చెప్పను! నా పక్కటెముకల్లో ఎవరో పరుగెత్తినట్టుంది. బెంచీ అదిరింది. గిటార్లు రెండూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. పాడేవాడి మెడ నరాలు ఉబ్బాయి. అంత గోలలోనూ ఒక్కో దెబ్బ విడివిడిగా, కడిగిన గ్లాసులా తేటగా వినిపించింది. ఒక్క దెబ్బ కొడితే ఒక్కటే. పాట మంచి ఊపు మీదుండగా నలుగురూ ఒక్కసారి ఆపేశారు. పాటలోనే అక్కడ అలా ఆపాలట, నాకు తెలీదు.

గది నిశ్శబ్దమైపోయింది. వెనకాల చిన్న మోత కూడా మిగల్లేదు. ప్రపంచం మొత్తం చూస్తున్న గదిలో, నేను పదకొండేళ్ళుగా సిగ్గుపడిన వదులు ఆ చప్పుడునంతా మింగి కూర్చుంది. పక్క గది అద్దం వెనక చప్పట్లమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా?" అన్నాడు గుసగుసగా. వినడానికి అక్కడేమీ లేదు. నాకంతా వినిపించింది.

డ్రమ్ము మళ్ళీ పేలింది. అత్తయ్య చెవుల్లో దూది తీసి పారేసి, బెంచీ మీద దరువెయ్యడం మొదలుపెట్టింది.

మర్నాటికి ఎక్కడ చూసినా ఆ నీలం చారలే. జనం అదేదో కొత్త ఫ్యాషననుకున్నారు. పడకగదిలా ఉందన్న జుట్టాయనే చానెల్ గుర్తులో ఆ చారలు పెట్టించాడు. వారం తిరక్కుండానే ఇంకో స్టూడియో వాళ్ళొచ్చారు, తర్వాత ఒక సినిమా హాలు వాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ "వదులుగా కుట్టేది మీరేనా?" అని అడిగేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏనుగెక్కినట్టుండేది.

*

అనుకున్న రోజుకి మావయ్య వచ్చాడు. సామాను సర్దడానికి ఇద్దరు మనుషుల్ని కూడా తెచ్చుకున్నాడు. టేపు చేతిలోనే ఉంది.

"ఏం బావా, అనుకున్న మాటేగా?"

నాన్న దబ్బనంలో దారం ఎక్కిస్తున్నాడు. తలెత్తలేదు. "నా తర్వాత ఎవరున్నారని అడిగావు కదా. అదుగో, ఉంది. కొట్టు దానిది. ఇస్తుందో లేదో దాన్నే అడుగు."

మావయ్య నా వైపు తిరిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"మావయ్యా, ఆ టేపు ఓసారి ఇలా ఇవ్వు," అన్నాను.

ఏమీ అర్థంకాక ఇచ్చాడు. గుమ్మం నుంచి వెనక గోడ దాకా ఒకసారి, ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకసారి లాగాను. దూది ఏకే యంత్రం ఒకటి పెట్టాలి. పడుతుంది, సందు కూడా మిగుల్తుంది. టేపు చుట్టి ఆయన చేతిలో పెట్టాను. మావయ్య నన్నూ టేపునీ మార్చి మార్చి చూసి, మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ తన షోరూముకి కూడా చప్పుడు ఆపే పరుపులు నాలుగు కావాలన్నాడు. ఎదురుగా రాక్ చానెల్ పెట్టుకుని మేమెలా నిద్రపోతున్నామో ఆయనకి అంతుపట్టలేదట.

ఆ మధ్యాహ్నం పక్క వీధి ముసలమ్మగారి కోసం నేనొక మామూలు పరుపు కుట్టాను. పడుకునే పరుపు. ఇప్పుడు నా చెయ్యి గొప్పదైపోయింది కదా అని ధీమాగా నాన్న ముందు పరిచాను.

ఆయన కుడి పిడికిలి పెట్టి నొక్కాడు. తీశాడు. ఒకటి. రెండు. మూడు.

గుంట గుంటలాగే ఉంది.

"విప్పు," అన్నాడు మేస్త్రీ.

ఎదుటి గోదాములో డ్రమ్ములు మోగుతున్నాయి, మాకు వినిపించడం లేదు. నేను బ్లేడు తీసుకుని, ఆ శుక్రవారం విన్న పాటని నాకొచ్చినట్టు పాడుకుంటూ కుట్లు విప్పడం మొదలుపెట్టాను.